రొమాంటిక్ పియానో రచన వాయించి అభిప్రాయం అడిగేటప్పుడు

పందొమ్మిదో శతాబ్దపు రొమాంటిక్ శైలి స్వరకర్త షోపాన్ రాసిన నాక్టర్న్ (రాత్రి భావంతో సాగే పియానో రచన) ఒకటి నేర్చుకుని, ఫోన్‌లో రికార్డు చేసి, తెలిసినవాళ్లకు పంపి "ఎలా ఉంది?" అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు "చాలా బాగుంది, ఇంకాస్త భావం పెట్టండి." మర్నాడు పియానో ముందు కూర్చున్నాక ఆ మాటతో ఏం చేయాలో తెలీదు. ఏ బార్‌లో (స్వరలిపిలో ఒక తాళావర్తనం), ఏ చేతిలో, ఏ స్వరం దగ్గర అన్నది అందులో లేదు.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. వినేవాళ్లు ఎక్కడ తేడా వచ్చిందో బాగా పట్టుకుంటారు. ఎందుకు వచ్చిందో చెప్పడంలో మాత్రం తరచూ పొరబడతారు, అనుభవజ్ఞులు కూడా. కాబట్టి వాళ్ల నుంచి చోటు రాబట్టండి. కారణం స్కోర్ (అచ్చు స్వరలిపి) ముందు పెట్టుకుని, నెమ్మదిగా వాయిస్తూ, మీరే లేదా మీ టీచర్‌తో కలిసి వెతకండి. రికార్డింగ్ నుంచి ప్రశ్నల దాకా అన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ఉదాహరణకు షోపాన్ నాక్టర్న్ ఓపస్ 9, నంబర్ 2 తీసుకుందాం. ఇ ఫ్లాట్ మేజర్, 12/8 తాళం (బార్‌లో 12 ఎయిత్ నోట్లు, మూడేసి చొప్పున నాలుగు బీట్లు), 34 బార్లు, 1832లో అచ్చయింది. పెద్దయ్యాక పియానో పట్టినవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు దీని దగ్గరికి వస్తారు.

ఎప్పుడు అడగాలి

రెండుసార్లు అడగడం మంచిది. మొదటిసారి, తొలి ఎనిమిది బార్లు రెండు చేతులతో నెమ్మదిగా వచ్చిన వెంటనే. అప్పుడు వేళ్ల వరస, పెడల్, తప్పు చదివిన స్వరాలు, ఈ మూడింటి గురించే అడగండి. తప్పు వేళ్ల వరస మూడు నెలలు చేతిలో నానిపోయాక మార్చడం కొత్త రచన నేర్చుకోవడం కంటే కష్టం. రెండోసారి, మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా, మీరు అనుకున్న టెంపోలో కనీసం 80 శాతం వేగంతో వాయించగలిగినప్పుడు. సంగీతం గురించిన ప్రశ్నలు అప్పుడే. తడబాట్లు ఇంకా ఉన్న దశలో పంపితే విన్నవాళ్లు తడబాట్ల గురించే చెబుతారు. అవి మీకు ముందే తెలుసు.

రికార్డింగ్

ఇక్కడే చాలా నష్టం జరుగుతుంది. ఫోన్‌లోని మామూలు కెమెరా యాప్‌లు చాలావరకు శబ్దం స్థాయిని తామే సర్దుతుంటాయి: మెల్లగా వాయిస్తే పెంచుతాయి, గట్టిగా వాయిస్తే నొక్కేస్తాయి. రొమాంటిక్ రచనకు ప్రాణమైన డైనమిక్స్ (మెల్లన, గట్టి శబ్దాల తేడాలు) అక్కడే చదునైపోతాయి. ఆపైన "యాంత్రికంగా ఉంది" అని ఎవరైనా అంటే ఆ తప్పు మీ చేతులదో ఫోన్‌దో తేల్చుకోలేరు. ముందు చిన్న పరీక్ష చేయండి: ఒకే బార్‌ని ఒకసారి పియానిస్సిమోగా (చాలా మెల్లగా), ఒకసారి ఫోర్టిస్సిమోగా (చాలా గట్టిగా) వాయించి రికార్డు చేసి వినండి. రెండూ దగ్గరదగ్గరగా వినిపిస్తే ఆ యాప్ పనికిరాదు. ఆటోమేటిక్ గెయిన్ (శబ్దం స్థాయిని తానే సర్దడం), నాయిస్ రిడక్షన్ (రొద తగ్గించడం) రెండూ ఆపగలిగే రికార్డర్ యాప్ వాడండి. నాయిస్ రిడక్షన్ చేసే హాని వేరు. పెడల్ కింద మెల్లగా ఆరిపోయే స్వరాల తోకలను అది రొద అనుకుని కోసేస్తుంది.

ఫోన్‌ని పియానో మీద పెట్టకండి. చెక్క కంపనం, పెడల్ చప్పుడు నేరుగా మైకులోకి వెళతాయి. ఒకటిన్నర నుంచి రెండున్నర మీటర్ల దూరంలో, విడిగా స్టాండు మీద, కూర్చున్నవాళ్ల భుజం ఎత్తున పెట్టండి. గ్రాండ్ అయితే మూత సగం తెరవండి, అప్‌రైట్ అయితే పైమూత తెరిస్తే చాలు. గెయిన్ చేత్తో సర్దే వీలుంటే రచనలో అన్నిటికంటే గట్టి చోటు వాయించి, శిఖరం మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూడండి. ఈ నాక్టర్న్‌లో ఆ చోటు చివర్లో, కాన్ ఫోర్త్సా (బలంగా) అని రాసి ఉన్న ఆక్టేవ్‌ల (ఒకే స్వరం రెండు స్థాయిల్లో కలిపి కొట్టడం) దగ్గర. మొదటి బార్‌తో లెవెల్ సర్దుకుంటే అక్కడికి వచ్చేసరికి శబ్దం పగులుతుంది.

వీడియో కూడా తీయండి. మామూలుగా కుడివైపు నుంచి, రెండు చేతులూ కుడిపాదమూ కనిపించేలా. మీ సందేహం ఎడమచేతి దూకుళ్ల గురించి అయితే కెమెరాను ఎడమవైపుకి మార్చండి. కుడివైపు నుంచి తీస్తే ఎడమచేయి అప్పుడప్పుడు కుడిచేతి చాటున పడిపోతుంది.

డిజిటల్ పియానో ఉన్నవాళ్లు లైన్ అవుట్ నుంచి లేదా యూఎస్‌బీ ద్వారా నేరుగా రికార్డు చేయవచ్చు. రివర్బ్ (గది మోతలాంటి ప్రభావం) మాత్రం ఆపేయండి, లేదా బాగా తగ్గించండి. అది పెడల్ తప్పుల్ని కప్పేస్తుంది. సగం పెడల్‌ని (పెడల్ సగమే నొక్కడాన్ని) మీ వాయిద్యం గుర్తిస్తుందో లేదో చూసి ఆ సంగతీ రాయండి.

ఒకే టేక్ పంపండి. ముక్కలు అతికించిన రికార్డింగ్‌లో టెంపో ఎక్కడ జారిందో ఎవరూ చెప్పలేరు. మూడు టేకులు తీసి, తప్పులు తక్కువ ఉన్నదాన్ని కాకుండా మీరు మామూలుగా వాయించే తీరుకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి.

పంపే ముందు మీరే వినండి

రికార్డు చేసిన వెంటనే వింటే చెవి కంటే చేతుల జ్ఞాపకమే ఎక్కువ పనిచేస్తుంది. కనీసం ఒకరోజు ఆగి, స్కోర్, పెన్సిల్ పట్టుకుని వినండి. ఒక విడత మెలడీ ఒక్కటే, మరో విడత బేస్, పెడల్, ఇంకో విడత లయ మాత్రమే. ఒకే విడతలో అన్నీ పట్టుకోవాలని చూస్తే తప్పు స్వరాలు తప్ప ఇంకేవీ వినబడవు.

లయకు స్టాప్‌వాచ్ వాడండి. కొంచెం లెక్క ఉంది, చేసి తీరాల్సిన లెక్క. బార్‌కి 12 ఎయిత్ నోట్ల చొప్పున 34 బార్లకు 408. చివర్లో సెంజా టెంపో (తాళం లేకుండా) అని రాసిన కాడెన్జా (స్వేచ్ఛగా వాయించే అలంకార భాగం) సాగినంతసేపు వాచ్ ఆపి ఉంచండి. మిగతాది 4 నిమిషాల 30 సెకన్లు పట్టిందంటే సగటున నిమిషానికి దాదాపు 91 ఎయిత్ నోట్లు. షోపాన్ ఇచ్చిన మెట్రోనోమ్ సంఖ్య 132. ఆ వేగంలో మొత్తం 3 నిమిషాల 5 సెకన్లకే అయిపోతుంది. నేడు చాలామంది అంతకంటే నెమ్మదిగానే వాయిస్తారు, మీరూ అలా వాయించడం తప్పేమీ కాదు. అయితే ఎంత నెమ్మదో తెలిసి వాయించాలి. "సాగదీసినట్టుంది" అని ఎవరైనా అన్నప్పుడు ఆ సంఖ్య మీ చేతిలో ఉండాలి.

ఆ తర్వాత నాలుగేసి బార్లకు ఎన్ని సెకన్లు పట్టాయో రాసుకోండి. 1–4 బార్లకు 30 సెకన్లు, 5–8కి 31, 9–12కి 36 వచ్చాయనుకోండి. ఒకటి రెండు సెకన్ల తేడా ఊపిరి లాంటిది, ఉండాల్సిందే. ఐదారు సెకన్లు పెరిగితే అది రుబాటో (భావం కోసం కావాలనే కాలాన్ని అటూఇటూ జరపడం) అయ్యే అవకాశం తక్కువ. వేళ్లకు కష్టమైన చోటుని చేతులు దాటలేకపోతున్నాయి. రుబాటోలో కూడా ఎడమచేయి కాలం తప్పకూడదని, అదే వాద్యబృందాన్ని నడిపే కండక్టర్ అని షోపాన్ చెప్పేవాడని ఆయన శిష్యులు రాశారు. మీ రికార్డింగ్ పెట్టుకుని ఎడమచేతి బేస్ స్వరాలతో పాటు టేబుల్ మీద తట్టి చూడండి. తట్టుతున్న చేయి ప్రతి బార్ చివరా ఆగి ఎదురుచూడాల్సి వస్తోందంటే, బయటివాళ్లు చెప్పబోయే మొదటి మాట మీకు ముందే దొరికింది.

ఎవరిని ఏం అడగాలి

అందరినీ ఒకే ప్రశ్న అడగడం వృథా. పియానో టీచర్ వేళ్లు, మణికట్టు, పెడల్ చూడగలరు. పాట పాడేవాళ్లు, వయొలిన్ వాయించేవాళ్లు ఫ్రేజ్ (సంగీత వాక్యం) ఎక్కడ ఊపిరి పీల్చుకుందో, ఎక్కడ తెగిందో పియానిస్టుల కంటే త్వరగా పట్టుకుంటారు. వాళ్ల వాయిద్యంలో స్వరం సాగుతుంది, పియానోలో కొట్టిన క్షణం నుంచే ఆరిపోతుంది, అందుకే తెగుదల వాళ్ల చెవికి గుచ్చుకుంటుంది. సంగీతం నేర్చుకోని శ్రోతను తక్కువగా చూడకండి. "ఎక్కడ మీ ధ్యాస పక్కకి పోయింది? నిమిషం, సెకను చెప్పండి" అన్న ప్రశ్నకు అన్నిటికంటే నిజాయితీ గల జవాబు వాళ్ల దగ్గరే దొరుకుతుంది.

మరో మంచి పరీక్ష ఉంది. ఒక ఫ్రేజ్‌లో ఏ స్వరం శిఖరమో మీరు ముందే స్కోర్‌లో గుర్తు పెట్టుకోండి, ఎవరికీ చెప్పకండి. విన్నవాళ్లను "ఈ నాలుగు బార్లలో అన్నిటికంటే ముఖ్యమైన స్వరం ఏదనిపించింది?" అని అడగండి. ముగ్గురు మూడు చోట్లు చెబితే మీ మనసులోని శిఖరం శబ్దంలోకి రాలేదన్నమాట. ముగ్గురూ ఒకే చోటు చెప్పి, అది మీరు అనుకున్నది కాకపోతే, అక్కడ ఏదో స్వరం తెలియకుండా గట్టిగా పడుతోంది. చాలాసార్లు అది బొటనవేలితో కొట్టిన స్వరం అయి ఉంటుంది.

రచనను బట్టి ప్రశ్న మారాలి. షూమన్ 'ట్రాయ్‌మెరై'లో నాలుగు గొంతుల అల్లిక ఉంది కాబట్టి లోపలి గొంతులు ఎక్కడ మాయమయ్యాయో అడగండి. లిస్ట్ 'లీబెస్‌ట్రౌమ్' మూడో దానిలో మెలడీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతుంది. ఆ మారిన చోటు చెవికి తెలిసిందా అన్నదే అక్కడ అసలు ప్రశ్న. బ్రామ్స్ ఇంటర్‌మెజ్జో ఓపస్ 118, నంబర్ 2 అయితే మధ్య భాగం మొదటి భాగానికి భిన్నంగా వినిపించిందా అని అడగండి.

మీ అభ్యర్థన కుదురుగా ఉండాలి. ఇలా రాయవచ్చు:

"షోపాన్ నాక్టర్న్ ఓపస్ 9 నంబర్ 2. హెన్లే ఎడిషన్. అప్‌రైట్ పియానో, ఫోన్ రెండు మీటర్ల దూరంలో, గెయిన్ ఆటోమేటిక్ కాదు. రచన మొదలుపెట్టి నాలుగు నెలలు. మూడు ప్రశ్నలు: 0:31 నుంచి 1:02 దాకా (5–8 బార్లు) అలంకారాల దగ్గర లయ తెగుతోందా? 1:02 నుంచి 1:38 దాకా (9–12 బార్లు) పెడల్ మసకగా ఉందా? మొత్తంలో మీ ధ్యాస తప్పిన చోటు ఏది? వాయిద్యం శ్రుతి సంగతి నాకు తెలుసు, దాన్ని వదిలేయండి."

మూడు ప్రశ్నలు మించకూడదు. ఎడిషన్ పేరు తప్పకుండా రాయాలి. పాత ఎడిషన్లలో సంపాదకులు స్లర్‌లు (స్వరాల్ని కలిపే వంపు గీతలు), పెడల్ గుర్తులు మార్చేశారు. పైగా ఈ నాక్టర్న్‌కి షోపాన్ తన శిష్యుల ప్రతుల్లో వేరువేరు అలంకారాలు రాసి ఇచ్చాడు. మీరు అలాంటి పాఠాంతరం వాయిస్తే విన్నవాళ్లు దాన్ని తప్పు స్వరం అనుకునే ప్రమాదం ఉంది.

ఆన్‌లైన్ కాల్‌లో వాయించి వినిపించాల్సి వస్తే జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చేయండి. లేకపోతే సాగే స్వరాన్ని అది రొద కింద లెక్కేసి నొక్కేస్తుంది. అంతకంటే మేలు: రికార్డింగ్, స్కోర్ రెండూ ముందే పంపి, కాల్ సమయాన్ని మాటలకు, చిన్నచిన్న ముక్కలు వాయించడానికి ఉంచుకోవడం. ఒక్క పాఠానికి డబ్బు కట్టి తీసుకునేటప్పుడు కూడా ఇదే పద్ధతి. గంటలో రెండు మూడు సమస్యల కంటే ఎక్కువ తేలవు, అవి ఏవో మీరే ముందు చెప్పండి. పాఠాన్ని రికార్డు చేసుకోవచ్చా అని అడిగి తీసుకోండి.

మార్కులతో కూడిన తీర్పు కావాలనుకునేవాళ్లకు ఏబీఆర్‌ఎస్‌ఎం (బ్రిటన్ సంగీత పరీక్షల సంస్థ) పెర్ఫార్మెన్స్ గ్రేడ్ పరీక్ష ఒక దారి. నాలుగు రచనలు ఆగకుండా వాయించిన వీడియో పంపాలి. ఒక్కో రచనకు 30, మొత్తం ప్రదర్శనకు మరో 30, కలిపి 150. ఉత్తీర్ణతకు 100, మెరిట్‌కి 120, డిస్టింక్షన్‌కి 130. ఎగ్జామినర్ రాసిన వ్యాఖ్యలు అందుతాయి, కానీ తిరిగి ప్రశ్న వేసే వీలుండదు. పురోగతి కొలవడానికి ఇది మంచిదే. ఒక బార్‌ని బాగుచేసుకోవడానికి మాత్రం మనిషితో మాటే మేలు.

వచ్చిన మాటల్ని విప్పడం

అందిన ప్రతి వ్యాఖ్యనూ స్కోర్‌లో ఆ బార్ పైన, ఒక్కొక్కరికి ఒక్కో రంగు పెన్సిల్‌తో, వాళ్ల మాటల్లోనే రాయండి. రంగులు గుమిగూడిన చోటు చూడండి. ఒకరు "నెమ్మదైపోయింది" అన్నారు, ఇంకొకరు "మెలడీ తెగింది" అన్నారు, మూడోవారు "ఎడమచేయి బరువుగా ఉంది" అన్నారు, ముగ్గురూ 9–12 బార్ల గురించే. ఇవి మూడు సమస్యలు కాకపోవచ్చు. ప్రతి బీట్‌లో ఎడమచేయి కొట్టే బేస్ స్వరం, దాని తర్వాతి రెండు కార్డ్‌లు (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) ఒకే బరువుతో పడుతుంటే బీట్ ముందుకు కదలదు, పై స్వరం మునిగిపోతుంది, కాలం సాగినట్టు అనిపిస్తుంది. కారణం ఒక్కటే.

తరచూ వినబడే ఫిర్యాదుల వెనక ఏముంటుందో కొంచెం వివరంగా చూద్దాం.

"మసకగా ఉంది" అంటే పెడల్‌నే అనుమానించాలి, కానీ ఏ తప్పో తేల్చాలి. ఎడమచేయి బేస్ స్వరం కొట్టిన క్షణంలో పాదం లేవాలి. ఆ మీట ఇంకా నొక్కి ఉండగానే మళ్లీ దిగాలి. పాదం సగమే లేస్తే పాత హార్మనీ మిగిలిపోయి మసక వస్తుంది. పాదం దిగేలోపే వేలు మీటను వదిలి పై కార్డ్‌కి దూకేస్తే బేస్ పోతుంది. అప్పుడు వినేవాళ్లు "పలచగా, పొడిగా ఉంది" అంటారు. ఎడమచేయి, పెడల్ మాత్రమే, సగం వేగంతో, బార్‌కి నాలుగు మార్పులు చేసి వినండి. అక్కడ శుభ్రంగా ఉండి రెండు చేతులూ కలిపినప్పుడు మసక వస్తే పెడల్ సరిగానే ఉంది, బేస్ గట్టిదైపోయింది.

"మెలడీ వినబడట్లేదు" అనగానే కుడిచేయి గట్టిగా కొట్టడం మొదలుపెట్టకండి. ముందు ఎడమచేతి రెండో, మూడో ఎయిత్ నోట్లను తగ్గించండి. బేస్ మామూలుగా కొట్టి, ఆ రెండు కార్డ్‌లనూ మీటల పైన శబ్దం రాకుండా తాకుతూ కుడిచేయి పూర్తిగా వాయించండి. నాలుగైదు సార్లు అలా చేశాక శబ్దం వచ్చీరానట్టు వేయండి. ఇంకో కారణమూ ఉంది, దీన్ని చాలామంది గమనించరు. పొడవైన స్వరం ఆరిపోతూ ఉంటుంది. దాని తర్వాతి స్వరం, పొడవైన స్వరం మొదలైనప్పటి బలంతో కాక, అప్పటికి మిగిలిన బలంతో రావాలి. లేకపోతే అది ఎగిరి పడినట్టు వినిపిస్తుంది, మెలడీ ముక్కలవుతుంది.

"రుబాటో ఎక్కువైంది" అన్న వ్యాఖ్యను స్టాప్‌వాచ్ సంఖ్యలతో పోల్చండి. సంఖ్యలు సమంగా ఉండి కూడా ఆ మాట వస్తే, ప్రతి బీట్‌లోనూ బేస్ ముందు, మెలడీ కాస్త తర్వాత పడుతుండవచ్చు. ఇరవయ్యో శతాబ్దపు తొలి రికార్డింగ్‌లలోని పియానిస్టులు కావాలనే అలా వాయించేవారు. కావాలని ఒకటి రెండు చోట్ల చేస్తే అది అభిరుచి. తెలియకుండా ప్రతిచోటా వస్తే అలవాటు, దాన్ని విడిపించుకోవాలి. స్కోర్‌లో 'పోకో రుబాటో' (కొంచెం రుబాటో) అని షోపాన్ రాసింది చివరి భాగంలో. అక్కడికి చేరేలోపే స్వేచ్ఛ అంతా ఖర్చు చేసేస్తే ఆ మాటకు అర్థం ఉండదు.

"కర్కశంగా ఉంది" అనేది ఎక్కువగా చివరి కాన్ ఫోర్త్సా ఆక్టేవ్‌ల దగ్గరే వస్తుంది. బొటనవేలు చిటికెనవేలి కంటే బలమైనది కావడంతో కింది స్వరం మోత పెడుతుంది. చిటికెనవేలితో పై స్వరాలు మాత్రమే గట్టిగా వాయించి, తర్వాత బొటనవేలి స్వరాన్ని మెల్లగా కలపండి. కాడెన్జాలో నాలుగేసి చిన్న స్వరాల గుంపు మళ్లీ మళ్లీ వస్తుంది. "ఎక్సర్‌సైజులా ఉంది" అని ఎవరన్నా అంటే అన్ని గుంపులూ ఒకే వేగంతో పోతున్నాయన్నమాట. నెమ్మదిగా మొదలై, పుంజుకుని, ఆరిపోవాలి.

వీడియో చూసి ఎవరైనా మణికట్టు బిగుసుకుందని, భుజాలు లేస్తున్నాయని అంటే ఆ మాటకు మిగతా అన్నిటికంటే ముందు స్థానం ఇవ్వండి. నొప్పి ఉంటే వాయించడం ఆపి డాక్టర్‌కి చూపించండి. రికార్డింగ్ పంపి సలహాలు అడిగే విషయం కాదు అది.

పనిచేసే వరస

ముందు తప్పు చదివిన స్వరాలు, తర్వాత పెడల్, ఆపైన చేతుల మధ్య సమతూకం, చివరికి టెంపో, రుబాటో. కారణం ఉంది: సమతూకం కుదిరితే టెంపో మీద వచ్చిన ఫిర్యాదుల్లో చాలావరకు వాటంతట అవే పోతాయి. అభిరుచికి సంబంధించి రెండు ఎదురెదురు సలహాలు వస్తే రెండు విధాలుగానూ ఎనిమిది బార్లు రికార్డు చేసి, ఏది ఎవరి సలహానో చెప్పకుండా మూడో మనిషికి వినిపించండి. ఒక్క ప్రసిద్ధ పియానిస్టు రికార్డింగ్‌తో పోల్చుకుంటే అనుకరణలో పడతారు. కనీసం మూడు వేరువేరు రికార్డింగ్‌లు విని, సందేహమున్న బార్‌ని వాళ్లు ఎంత భిన్నంగా వాయించారో చూడండి.

రెండు మూడు వారాల తర్వాత అదే గదిలో, అదే దూరంలో, అదే సెట్టింగులతో మళ్లీ రికార్డు చేయండి. దూరం మారితే పోలిక చెల్లదు. ప్రదర్శన దగ్గరపడితే చివరి వారం పది రోజులు కొత్త అభిప్రాయాలు అడగడం ఆపేయండి. అప్పుడు మార్చిన వేళ్ల వరస వేదిక మీద మోసం చేస్తుంది.

సలహా ఇచ్చినవాళ్లకు కృతజ్ఞతతో పాటు, వాళ్లు గుర్తించిన బార్ల పాత ముక్క, కొత్త ముక్క పక్కపక్కనే పంపి, ఒకే ప్రశ్న అడగండి: "ఆ తేడా పోయిందా, చోటు మారిందా?"